అంబాసిడర్ ముఖం మార్చేటప్పుడు: వేర్వేరు ఏళ్ల విడిభాగాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివర మొదలై 2014 మే నెలలో ఆగిపోయిన అంబాసిడర్ తయారీలో, కారు నడుము భాగం, తలుపులు, పైకప్పు వంపు చివరిదాకా పెద్దగా మారలేదు. మారిందల్లా ముఖమే. ఆ కారణంగానే ఒక కాలపు అంబాసిడర్‌కు మరో కాలపు గ్రిల్, దీపాలు, బానెట్, బంపర్ పెట్టుకోవాలన్న కోరిక సులువుగా పుడుతుంది, పని కూడా సులువేనన్న నమ్మకం కలుగుతుంది. కోరికను నేను తప్పుపట్టను. 1977 నాటి మార్క్ 3 కారుకు (అంబాసిడర్ మోడళ్ల వరుసలో మూడవది) మార్క్ 2 ముఖం పెట్టుకున్నవాడిని కాబట్టి తప్పుపట్టే హక్కు కూడా నాకు లేదు. పని సులువన్న నమ్మకాన్ని మాత్రం సరిచేయాలనే ఈ జవాబులు రాస్తున్నాను.

ఏ మార్క్‌కు ఏ ముఖమో గుర్తుపట్టడం ఎలా?

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు. తొలి అంబాసిడర్ దాదాపు అదే రూపంతో వచ్చింది. బానెట్ మీద ముందు నుంచి వెనక్కి సాగే లోతైన గాడులు ఈ తొలి కారును గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు. 1963 ప్రాంతంలో మార్క్ 2 వచ్చినప్పుడు దట్టమైన గళ్ల గ్రిల్ వచ్చింది. మన ఊళ్లలో కలెక్టరు కారు, డాక్టరు గారి కారు అనగానే పెద్దవాళ్ల మనసులో మెదిలేది ఎక్కువగా ఈ ముఖమే. 1975లో వచ్చిన మార్క్ 3లో గళ్లు పోయి అడ్డపట్టీల గ్రిల్ వచ్చింది, గుండ్రటి ఇండికేటర్లు గ్రిల్ నుంచి విడిపోయి పక్కన చేరాయి. 1979 నాటి మార్క్ 4లో గ్రిల్ చిన్నదై మళ్లీ దట్టమైన గళ్లతో వచ్చింది, పార్కింగ్ దీపాలు చతురస్రాకారం దాల్చాయి, వాటికి తోడు పసుపు ఇండికేటర్లు వేరుగా అమరాయి. ఆ తర్వాత 1990లో నోవా, 1990ల మొదట్లో ఇసుజు ఇంజిన్‌తో 1800 ఐఎస్‌జడ్, 2003లో బాడీ రంగు బంపర్లతో గ్రాండ్, 2004లో పాత రూపాన్ని కొంత గుర్తుచేసేలా ముందు భాగాన్ని దిద్దిన అవిగో వచ్చాయి.

మీ ఇంట్లో ఉన్న కారు ముఖం ఈ వరుసలో ఎక్కడా సరిగ్గా సరిపోకపోతే కంగారుపడవద్దు. అది ఇప్పటికే ఎవరో మార్చిన ముఖం అయి ఉంటుంది.

వేర్వేరు ఏళ్ల భాగాలు కలపడం పాత కారుకు అన్యాయం చేయడం కాదా?

ఈ ప్రశ్నకు నేను నా కారు ఎడమ మడ్‌గార్డ్‌తో జవాబు చెబుతాను. రంగు తీయించే పని మొదలుపెట్టినప్పుడు ఎమరీ కాగితం కింద ముందుగా తెలుపు వచ్చింది, తెలుపు కింద నలుపు, నలుపు కింద ఇటుక రంగు ప్రైమరు వచ్చాయి. కుడి మడ్‌గార్డ్ మీద అదే తెలుపు కింద లేత నీలం ఉంది, నలుపు జాడే లేదు. అంటే నా చేతికి రాకముందే ఆ కారు ముఖంలో కుడి ఎడమలు రెండు వేర్వేరు కార్లవి. ఏ ప్రమాదం తర్వాతనో, ఏ షెడ్డులోనో, అందుబాటులో ఉన్న మడ్‌గార్డ్ తెచ్చి బిగించి, తెల్ల రంగు వేసి పంపేశారు. టాక్సీలుగా, ఆఫీసు కార్లుగా బతికిన అంబాసిడర్లలో ఎక్కువ వాటి కథ ఇంతే. ఆగకుండా తిరగడమే వాటి పని కాబట్టి, దొరికిన భాగం దొరికినట్టు వేసుకుని తిరిగాయి.

అందువల్ల కలపడం తప్పు కాదని నా అభిప్రాయం. కోయడం మాత్రం తప్పు. బోల్టు విప్పి బిగించే మార్పును రేపు మీ పిల్లలు వెనక్కి తిప్పుకోగలరు, గ్యాస్ కటింగుతో చేసిన మార్పును ఎవరూ తిప్పలేరు. కింది జవాబులన్నిటికీ ఈ ఒక్క నియమమే ఆధారం. ఒక మినహాయింపు కూడా చెప్పాలి: తొలి మార్క్ 1 కారు ఏ మార్పూ లేకుండా మీ చేతికి వచ్చి ఉంటే దాని ముఖం జోలికి వెళ్లవద్దు, ఎందుకంటే అటువంటివి ఇక తయారు కావు, మిగిలినవీ తక్కువే.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు గ్రిల్ కొనవచ్చా?

కొనవద్దు. చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే. మార్కెట్లో మెరిసే గ్రిల్ కనబడగానే, మళ్లీ దొరకదేమోనన్న భయంతో డబ్బు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆ గ్రిల్‌కు సరిపడే చుట్టురేకు కోసం ఆరు నెలలు, ఆ రేకుకు సరిపడే దీపాల కోసం మరో ఆరు నెలలు తిరుగుతారు.

ముఖం అంటే ఒక్క గ్రిల్ కాదు. బానెట్ ముందు అంచు, గ్రిల్, గ్రిల్ చుట్టూ ఉండే రేకు, పార్కింగ్ దీపాలు, ఇండికేటర్లు, బంపర్, బంపర్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు కలిస్తే ఒక కుటుంబం అవుతుంది. ఆ కుటుంబంలో ఒకరిని మాత్రమే తెచ్చి మరో కుటుంబంలో కూర్చోబెడితే, దూరం నుంచి చూసే వాళ్లకు కూడా ఎక్కడో ఏదో కుదరలేదని తెలిసిపోతుంది. అందుకని ముందుగా ఏ సంవత్సరపు ముఖం కావాలో తేల్చుకోండి. ఆ ముఖంతో మార్పులు లేని కారును ఎదురుగా, రెండు పక్కల నుంచి, బానెట్ ఎత్తి లోపలి నుంచి ఫొటోలు తీసుకోండి. యజమాని అనుమతిస్తే టేపుతో గ్రిల్ వెడల్పు, ఎత్తు, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచి రాసుకోండి. ఆ కాగితం జేబులో లేకుండా విడిభాగాల బజారుకు వెళ్లవద్దు.

మార్క్ 2 గళ్ల గ్రిల్ నా మార్క్ 4 కారుకు నేరుగా బిగుస్తుందా?

బిగుస్తుందని చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు, కాని కాస్త ఆలోచించి చూడండి. మార్క్ 4 గ్రిల్ అంతకుముందు వాటికంటే చిన్నది. గ్రిల్ చిన్నదైనప్పుడు దాని చుట్టూ ఉన్న రేకు ఆ మేరకు పెద్దదవుతుంది. పెద్ద గ్రిల్‌ను అక్కడ పెట్టాలంటే రెండే దారులు: ఉన్న రేకును కోయడం, లేదా మార్క్ 2 చుట్టురేకును గ్రిల్‌తో సహా తెచ్చి పెట్టడం. మొదటి దారి చవక, ఒక పూటలో అయిపోతుంది, వెనక్కి రావడం మాత్రం ఉండదు. రెండవ దారిలో ఖర్చు, తిరుగుడు ఎక్కువైనా మీ మార్క్ 4 రేకు చెక్కుచెదరకుండా అటక మీద ఉంటుంది.

మార్క్ 3 నుంచి మార్క్ 2కు వెళ్లేటప్పుడు తలనొప్పి గ్రిల్‌తో కాక ఇండికేటర్లతో వస్తుంది. మార్క్ 3 రేకు మీద గుండ్రటి ఇండికేటర్ల కోసం వేసిన రంధ్రాలు మిగిలిపోతాయి. నా కారుకు ఆ రంధ్రాలను వెల్డింగుతో పూడ్చమని ఇద్దరు టింకరింగ్ మేస్త్రీలు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. మార్క్ 2 రేకు దొరికేదాకా పదకొండు నెలలు ఆగాను. ఆ పదకొండు నెలలూ కారు పాత ముఖంతోనే తిరిగింది, దానివల్ల నష్టమేమీ జరగలేదు.

ఏ భాగమైనా కొనేముందు అట్ట నమూనా ఒకటి చేసుకోవడం మంచిది. ఫ్రిజ్ డబ్బా అట్టను మీ కారు ముందు భాగానికి ఆనించి, గ్రిల్ నోరు, బోల్టు రంధ్రాలు పెన్సిలుతో గుర్తించి కత్తిరించండి. దుకాణంలో ఆ అట్టను గ్రిల్ మీద పెడితే, అమ్మేవారి మాటతో పని లేకుండా సంగతి అక్కడే తేలిపోతుంది.

పాత బోల్టులు తుప్పుపట్టాయి. కొత్తవి ఏవైనా వేయవచ్చా?

ఏవైనా వేయకూడదు, ఇక్కడే చాలా కార్ల మరలు పాడవుతాయి. అంబాసిడర్ బ్రిటిష్ వంశపు కారు కాబట్టి బాడీ మీది పాత బోల్టులు అంగుళాల కొలతలో, యూఎన్ఎఫ్ అనే సన్నటి మరతో ఉంటాయి. తర్వాతి కాలంలో చేరిన భాగాలకు, ముఖ్యంగా ఇసుజు ఇంజిన్ వైపు వాటికి, మెట్రిక్, అంటే మిల్లీమీటర్ల కొలత మర ఉంటుంది. వేర్వేరు ఏళ్ల భాగాలు కలిపినప్పుడు ఈ రెండు మరలూ ఒకే కారులో పక్కపక్కన చేరతాయి.

మోసం చేసేది 5/16 అంగుళాల బోల్టు. దాని మందం 7.94 మిల్లీమీటర్లు, ఎం8 బోల్టు మందం 8 మిల్లీమీటర్లు. కంటికి రెండూ ఒకటే. 5/16 యూఎన్ఎఫ్‌లో అంగుళానికి 24 మరలుంటే, ఎం8లో సుమారు 20 ఉంటాయి. అందుకే ఎం8 బోల్టు పాత నట్టులోకి రెండు చుట్లు చక్కగా వెళ్లి ఆగుతుంది. అప్పుడు కుర్రవాడు పానాకు పైపు తగిలించి బలంగా తిప్పుతాడు, లోపల మర నలిగిపోతుంది. నట్టు రేకుకు వెల్డింగ్ చేసి ఉంటే ఇక దాన్ని కోసి తీయాల్సిందే. ఏ బోల్టైనా మొదటి నాలుగైదు చుట్లు చేతివేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే అది దాని నట్టు కాదు.

బానెట్, మడ్‌గార్డ్‌ల మధ్య సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వస్తోంది. ఏం చేయాలి?

మొత్తం పనిలో ఓపిక ఎక్కువగా అడిగేది ఇదే, కారు అందం తేలేది కూడా ఇక్కడే. ఎంత మంచి క్రోమ్ గ్రిల్ పెట్టినా బానెట్ సందు ఒకవైపు అగ్గిపుల్ల పట్టేంత, మరోవైపు చిటికెన వేలు దూరేంత ఉంటే చూపు నేరుగా అక్కడికే పోతుంది.

సర్దుబాటు ఎప్పుడూ వెనక నుంచి ముందుకు రావాలి. మొదట ముందు తలుపు సరిగా మూసుకుంటోందో లేదో చూడాలి. అంబాసిడర్ తలుపు బరువైనది. ఏళ్ల తరబడి వాడకంలో కీలు అరిగి తలుపు కిందికి వాలుతుంది. వాలిన తలుపును కొలతగా తీసుకుని మడ్‌గార్డ్ బిగిస్తే ఆ తప్పు ముఖం దాకా ప్రయాణిస్తుంది. కాబట్టి ముందు కీలు బాగుచేయించాలి, తర్వాత తలుపుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య సందు చూడాలి, తర్వాత బానెట్‌ను దాని కీలు దగ్గర సర్దాలి, ఆ తర్వాత చుట్టురేకు, అన్నిటికంటే చివర గ్రిల్ రావాలి. మన షెడ్లలో తరచుగా దీనికి తలకిందులుగా, గ్రిల్‌తో మొదలుపెట్టి వెనక్కి వెళతారు. అలా వెళ్లినప్పుడు మిగిలిన తేడానంతా చివరికి పుట్టీతో కప్పాల్సి వస్తుంది.

మడ్‌గార్డ్ బోల్టులన్నీ వదులుగా వేసి, ఏ ఒక్కటీ పూర్తిగా బిగించకుండా, బానెట్ మూసి చూడాలి. సందు ఎక్కువ ఉన్న చోట బోల్టు కింద పలచని వాషరు ఒకటి పెడితే మడ్‌గార్డ్ అంచు లేస్తుంది, ఒకటి తీస్తే దిగుతుంది. నా కారు కుడివైపున మొత్తం ఏడు వాషర్లు పట్టాయి, ఎడమవైపు రెండు సరిపోయాయి. రెండు మడ్‌గార్డ్‌లు రెండు కార్లవని ముందే చెప్పాను కదా, ఆ తేడాను ఆ వాషర్లు మోస్తున్నాయి. అన్నీ కుదిరాక కూడా వెంటనే రంగుకు పంపవద్దు. ప్రైమరుతోనే ఓ యాభై కిలోమీటర్లు, వీలైతే గతుకుల రోడ్డు మీద, నడిపి తెచ్చి మళ్లీ సందులు చూసుకోండి. బానెట్ లాక్ పడుతోందో, దాని రెండో కొక్కెం కూడా పట్టుకుంటోందో ప్రతిసారీ చేత్తో లాగి చూడాలి. వేగంలో బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటే జరిగేది రేకు నష్టం ఒక్కటే కాదు.

ఇంకొక మాట. కారు ముక్కు ఒకవైపు వాలినట్టు కనబడితే తప్పు రేకుది కాకపోవచ్చు. అంబాసిడర్ ముందు సస్పెన్షన్ టోర్షన్ బార్ల మీద, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీల మీద నిలబడుతుంది. ఒకవైపు బార్ నీరసిస్తే ఆ వైపు ముఖం దిగుతుంది. చదునైన నేల మీద రెండువైపులా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచాకే రేకు మీద సుత్తి వేయాలి.

విడిభాగాలు ఎక్కడ వెతకాలి?

తెలుగు రాష్ట్రాల్లో మొదటి మజిలీ విజయవాడ ఆటోనగర్. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో పాత నిల్వలు అప్పుడప్పుడు బయటపడతాయి. చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ పాత కార్ల భాగాలకు పేరున్న చోట్లు. అంబాసిడర్ పుట్టింది, టాక్సీగా చివరిదాకా తిరిగింది కోల్‌కతా పరిసరాల్లోనే కాబట్టి అక్కడికి ఒకసారి వెళ్లిరావడం వృథా కాదు. చిన్న ఊళ్లలో మూతపడిన మెకానిక్ షెడ్లను మాత్రం మరవవద్దు. నా మార్క్ 2 చుట్టురేకు నాకు దొరికింది అటువంటి షెడ్డు వెనక, కోళ్ల గూటికి తలుపుగా.

పాత రేకు కొనేటప్పుడు గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం వెంట ఉంచుకోండి. మంచి రేకు మీద అది గట్టిగా పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. మడ్‌గార్డ్ అయితే తిప్పి, హెడ్‌లైట్ గిన్నె వెనక భాగం చూడండి. చక్రం చిమ్మిన బురద అక్కడ చేరి తడి ఆరకుండా ఉండటం వల్ల తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయటి రంగు మీద ఆవగింజంత పొక్కు కనబడేసరికి లోపల అరచేతి మేర పోయి ఉంటుంది.

కొత్తగా తయారుచేసిన నకలు గ్రిల్ కొనవచ్చా?

కొనవచ్చు, కాని బాగా పరీక్షించి కొనండి. నేను ముందు ఒక నకలు గ్రిల్ కొన్నాను. మెరుపు అసలుదానికంటే బాగుంది, రంధ్రాలు కూడా సరిపోయాయి. రెండు నెలల తర్వాత అరవై వేగం దాటితే ముందు నుంచి సన్నటి గీరుడు శబ్దం రావడం మొదలైంది. విప్పి చూస్తే పై వరుసలో రెండు బోల్టు రంధ్రాల చుట్టూ రేకు చిట్లి ఉంది. అసలు గ్రిల్ పక్కన పెట్టి వేలితో నొక్కితే తేడా తెలిసింది: రేకు పలచన, అంచు మడత వేయలేదు, కాబట్టి కదలికను తట్టుకునే బిగువు లేదు. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. నకలు కొనేటప్పుడు అంచు మడత ఉందో లేదో, రెండు చివరలు పట్టుకుని మెల్లగా మెలిపెడితే ఎంత వంగుతోందో చూడండి. బిగించేటప్పుడు ప్రతి బోల్టు కింద రబ్బరు వాషరు వేయండి.

పాత క్రోమ్‌కు మళ్లీ మెరుపు తేవాలంటే?

క్రోమ్ పొర చాలా పలచనిది. అది మెరుపును ఇస్తుంది, తుప్పును ఆపేది దాని కింద ఉన్న నికెల్. ప్లేటింగ్ షాపుతో మాట్లాడేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: రాగి, నికెల్ పొరలు వేసి ఆ పైన క్రోమ్ వేస్తారా, లేక నేరుగా మెరుపు వేసి ఇస్తారా? నేరుగా వేసింది ఒక వానాకాలం గడిచేసరికి గోధుమ చుక్కలు వేస్తుంది.

బంపర్ ఉక్కుది, కాబట్టి సాన పెట్టినా తట్టుకుంటుంది. దీపాల చుట్టూ ఉండే చిన్న రింగులు, గుర్తులు, అక్షరాలు కొన్ని మజాక్ అనే జింకు మిశ్రమంతో పోత పోసినవై ఉంటాయి. వాటి మీద పొక్కులు లేచి ఉంటే లోహమే లోపల తినేసుకుపోయిందని అర్థం. సాన చక్రం ముందు పెడితే అక్షరాల అంచులు కరిగి గుండ్రంగా మారతాయి. అటువంటివాటిని పాతగానే, శుభ్రంగా తుడిచి ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. ప్లేటింగుకు ఇచ్చేముందు ప్రతి ముక్కనూ ఫొటో తీసి, లెక్క రాసి ఇవ్వండి.

హెడ్‌లైట్లను హాలోజెన్‌కు మార్చుకోవచ్చా?

అంబాసిడర్ హెడ్‌లైట్ ఏడు అంగుళాల గుండ్రటి దీపం కావడం మన అదృష్టం. ఆ కొలత డూములు (అద్దం, వెలుగును తిప్పికొట్టే గిన్నె కలిసిన భాగాలు) ఇప్పటికీ దొరుకుతాయి. చిక్కు డూముతో కాదు, వైరుతో వస్తుంది. పాత బల్బు 45/40 వాట్లది. హెచ్4 హాలోజెన్ 60/55 వాట్లది. రెండు హై బీములు వెలిగితే 120 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర పది ఆంపియర్లు. ఆ కరెంటు అంతా యాభై ఏళ్ల నాటి స్విచ్చు గుండా వెళ్లకూడదు. స్విచ్చు రిలేను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరాన్ని మాత్రమే నడపాలి. దీపాలకు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేల మీదుగా కొత్త వైరులో రావాలి. ఇలా చేస్తే కొన్నిసార్లు పాత బల్బులే ఎంతో కాంతివంతంగా వెలుగుతాయి, ఎందుకంటే పాత వైరులో పోతున్న వోల్టేజి తిరిగి దీపానికి అందుతుంది. హాలోజెన్ కొనకముందు ఈ పని చేసి చూడమని నేను అందరికీ చెబుతాను.

మీ కారుకు ఇంకా డైనమోనే (బ్యాటరీని నింపే పాత తరహా జనరేటరు) ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఆ కాలపు డైనమోలు ఇరవై ఆంపియర్లకు కాస్త అటూఇటూ ఇచ్చేవి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వవు. ఇక అన్నిటికంటే ముందు చూడాల్సింది, బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉందన్న సంగతి. చాలా పాత బ్రిటిష్ వంశపు కార్లలో పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. అది చూడకుండా ఎల్ఈడీ దీపం గానీ, ఎలక్ట్రానిక్ ఫ్లాషరు (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బా) గానీ కలిపితే క్షణంలో కాలిపోతుంది.

పాత దీపాలు విప్పకముందే, కారును గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలిపి, వెలుగు పడే చోట సుద్దతో గీతలు గీసి పెట్టుకోండి. కొత్తవి బిగించాక కారును అదే చోట నిలిపి సరిచూస్తే ఎదురు వచ్చేవారి కళ్లలో కొట్టకుండా సర్దుకోవచ్చు.

ఇండికేటర్లు మార్చాక టకటకమని వేగంగా కొట్టుకుంటున్నాయి. ఎందుకు?

పాత ఫ్లాషరు డబ్బా ఒక్కోవైపు రెండు 21 వాట్ల బల్బులు లాగే కరెంటుకు తగ్గట్టు పనిచేస్తుంది. మీరు తక్కువ వాట్ల బల్బు గానీ ఎల్ఈడీ గానీ పెట్టినా, ఎర్త్ సరిగా లేకపోయినా ఆ లెక్క తప్పుతుంది. వేర్వేరు ఏళ్ల దీపాలు కలిపినప్పుడు మరొకటి కూడా జరుగుతుంది: పార్కింగ్, ఇండికేటర్ రెండూ ఒకే గిన్నెలో ఉన్న దీపానికి 21/5 వాట్ల రెండు తీగల బల్బు, ఒకటి పైన, ఒకటి కింద ఉన్న పిన్నులతో వస్తుంది, విడిగా ఉన్న ఇండికేటర్‌కు ఒకే తీగ బల్బు వస్తుంది. ఒకదాని హోల్డరులో మరొకదాన్ని బలవంతంగా తిప్పితే రెండు లైన్లు కలిసిపోయి, ఇండికేటర్ వేసినప్పుడు పార్కింగ్ దీపం కూడా వెలగడం వంటి వింతలు మొదలవుతాయి. గుండ్రంగా ఉన్నా, చతురస్రంగా ఉన్నా ఇండికేటర్ వెలుగు పసుపుగానే ఉండాలి.

కొత్త ముఖం పెట్టాక ఇంజిన్ వేడెక్కుతోంది. సంబంధం ఉందా?

తప్పకుండా ఉండవచ్చు. గ్రిల్ ముందుగా గాలి నోరు, ఆ తర్వాతే అలంకారం. పెద్ద నోరున్న గ్రిల్ తీసి చిన్నది పెడితే, లేదా గ్రిల్ వెనక పురుగులు, చెత్త చొరబడకుండా అని దట్టమైన జాలీ బిగిస్తే, రేడియేటర్‌కు చేరే గాలి తగ్గుతుంది. రేడియేటర్‌కు ఎదురుగా రెండు పెద్ద హారన్లు, ఫాగ్ లైట్లు తగిలించినా అంతే. మే నెలలో విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు గాలి అందించేది ఇంజిన్‌కు తగిలించిన ఫ్యాను ఒక్కటే, అదీ ఇంజిన్ ఎంత మెల్లగా తిరిగితే అంత మెల్లగా. ముఖం మార్చేటప్పుడు రేడియేటర్ పక్కల ఉండే గాలి అడ్డురేకులు, రబ్బరు పట్టీలు తీసి తిరిగి పెట్టడం చాలా షెడ్లలో మరచిపోతారు. అవి లేకపోతే వచ్చిన గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్క నుంచి జారిపోతుంది. కొత్త రేడియేటర్ కొనకముందు వాటిని వెతకండి.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగానే చెప్పింది. అదే తయారీదారు, అదే మోడల్ కారుకు చెందిన గ్రిల్‌ను బోల్టులతో బిగించడం, ఛాసిస్ కోసి ముందు భాగాన్ని పొడిగించడం ఒకటి కావు. అయినా మీ ఆర్టీవో కార్యాలయంలో ముందుగా అడిగి పని మొదలుపెట్టడమే క్షేమం. రంగు మారిస్తే రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. బంపర్ ముందు ఇనుప గొట్టాల క్రాష్ గార్డ్ మాత్రం వద్దు. అవి సెక్షన్ 52కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

యాభై ఏళ్లు నిండిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు వేరే కథ. తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే ఆ గుర్తింపు లభిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, రోజువారీ వాడకానికి ఆ కారును రోడ్డు మీదికి తేకూడదు. 1975లో రిజిస్టరైన మార్క్ 3 కార్లు 2025లో ఆ వయసుకు చేరాయి. మీకు ఆ నంబరు మీద ఆశ ఉంటే, దరఖాస్తు చేసే రోజుకు కారు తన సొంత ముఖంతో ఉండాలని నా సలహా. కోయకుండా బోల్టులతోనే పని చేయించినవారికి అది ఒక ఆదివారం పని.

బీమా సంస్థకు చెప్పాలా?

చెప్పాలి, రాతపూర్వకంగా, ఫొటోలతో సహా. ప్రమాదం జరిగాక చెప్పడం వల్ల ప్రయోజనం ఉండదు.

ముందు డిస్క్ బ్రేకులు కూడా ఇదే అవకాశంలో వేయించుకోవచ్చా?

తర్వాతి కాలపు అంబాసిడర్లలో ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి కాబట్టి చాలామంది ఇలా అడుగుతారు. ముఖం తప్పు కుదిరితే చూడటానికి బాగుండదు, అంతే. బ్రేకు తప్పు కుదిరితే మనిషి పోతాడు. రెండు పనులు ఒకేసారి పెట్టుకోవద్దు. ఆ మార్పు చేయించాలంటే హబ్, మాస్టర్ సిలిండర్, బూస్టర్ అన్నీ భాగాల కోసం విప్పిన ఒకే కారు నుంచి సెట్టుగా తెప్పించి, ఆర్టీవో అనుమతితో, ఆ పని ముందు చేసి చూపించిన మెకానిక్‌కే అప్పగించాలి.

తీసేసిన పాత భాగాలను అమ్మేయవచ్చా?

అమ్మవద్దు. నా మార్క్ 3 అడ్డపట్టీల గ్రిల్‌కు పలచగా గ్రీజు రాసి, పాత నూలు పంచెలో చుట్టి, అటక మీద దూలానికి వేలాడదీశాను. నేల మీద పెడితే చెమ్మ పడుతుంది, ప్లాస్టిక్ సంచిలో కడితే లోపల నీరు పట్టి క్రోమ్ మీద మచ్చలు వస్తాయి. గుండ్రటి ఇండికేటర్లు రెండూ వాటి రబ్బర్లు, స్క్రూలతో సహా ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఏ బోల్టు ఎక్కడిదో రాసిన చీటీ ఆ డబ్బా మూత లోపల అంటించి ఉంది. కుడివైపు ఏడు వాషర్లు, ఎడమవైపు రెండు అన్న లెక్క కూడా ఆ చీటీలోనే రాశాను.